ఫతే మైదాన్, సాయంత్రం నాలుగున్నర

నా ఎడమ కనుబొమ పైన చిన్న గాటు ఉంది. అర అంగుళం ఉంటుందేమో. మంగలి దుకాణంలో, కళ్లద్దాల షాపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డారా అని. ఫుట్‌బాల్ తగిలిందంటే నమ్మరు. ఇప్పటి నున్నటి బంతులు చూసినవాళ్లకు నమ్మకం కుదరకపోవడంలో వింత లేదు. మా కాలం బంతికి బూటుకు ఉన్నట్టే నోరుండేది, ఆ నోటికి తోలు లేసు ఉండేది. లోపల ఎర్ర రబ్బరు బ్లాడరు. సైకిలు పంపుతో గాలి కొట్టి, బ్లాడరు మూతి మడిచి దారంతో బిగించి, లోపలికి తోసి, పైన లేసు అల్లి ముడి వెయ్యాలి. ముడి ఎంత లోపలికి దిగితే అంత పనితనం. మా జట్టులో ఆ పని దర్జీ కొడుకుది. ఆ రోజు వాడు రాలేదు, నేను కట్టాను. వాన వెలిసిన సాయంత్రం. నీళ్లు తాగి గుమ్మడికాయంత బరువెక్కిన బంతి కార్నర్ నుంచి గాల్లో వస్తుంటే ఎగిరి తల పెట్టాను. నేను కట్టిన ముడి నన్నే కోసింది.

1961. ఫతే మైదాన్‌ను ఆనుకొని ఉన్న ఖాళీ జాగా. నాకప్పుడు పదకొండేళ్లు.

ఇప్పుడు దాన్ని ఎల్‌బీ స్టేడియం అంటారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. శాస్త్రిగారి మీద నాకు గౌరవమే, కానీ మా ఇంట్లో పాత పేరే నిలిచింది. నా మనవడు కూడా ఫతే మైదాన్ అనే అంటాడు, ఆటో డ్రైవర్ల ముందు అని నవ్వులపాలవుతుంటాడు. స్టేడియం అన్న మాట వినగానే గేటు, టికెట్టు, కాపలాదారు గుర్తొస్తారు. మైదానం అంటే ఎటునుంచైనా నడిచి లోపలికి వెళ్లొచ్చు. ఊరు ఆ రెండో మాటను పోగొట్టుకుంటూ రావడం నేను దగ్గరుండి చూశాను.

పేరు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించింది. ఆ సైన్యం గుడారాలు వేసుకున్న చదును నేల ఇదే. చివరికి కోటను ఫిరంగులు పడగొట్టలేదు. లోపలివాడే ఒకడు లంచానికి ఆశపడి తలుపు తీశాడు, గోల్కొండ సుల్తాను తానాషా బందీ అయ్యాడు. ఫతే అంటే విజయం. అంటే ఈ ఊరి మీద గెలిచినవాళ్లు పెట్టిన పేరది. ఓడిన ఊరు ఆ పేరును రెండున్నర శతాబ్దాలకు పైగా కిమ్మనకుండా మోసింది. అసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ గుర్రాల మీద పోలో ఆడేవారు. ఆ పేరు ఊరికి సొంతమైంది 1950ల్లోనే అని నా నమ్మకం. అప్పటికి గెలవడం మొదలుపెట్టినవాళ్లు మనవాళ్లు. కిరీటాలు, గుర్రాలు ఉన్నవాళ్లు కాదు. కానిస్టేబుళ్లు.

మా నాయిన నల్లగొండ వైపు నుంచి పట్నం వచ్చి ఒక తెలుగు పత్రిక అచ్చుకూటంలో కంపోజిటర్‌గా చేరాడు. కాచిగూడ స్టేషన్ వెనక వీధిలో ఒక గది, ముందు వసారా. వీధిలో తెలుగువాళ్లం నాలుగిళ్లు. మిగతావి మరాఠీలు, కన్నడిగులు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, రైల్వే క్వార్టర్ల క్రైస్తవ కుటుంబాలు. పిల్లలందరికీ ఉన్న ఒకే ఒక ఉమ్మడి ఆస్తి బంతి. అది కూడా చందా వేసుకొని కొన్నది. నాకు ఉర్దూ బడి నేర్పలేదు, ఆట నేర్పింది. "బాల్ ఛోడ్", "పీఛే దేఖ్", "అరె మియా, అకేలా ఖేల్తా క్యా?" ఇలా మొదలైన భాష తరవాత ఉద్యోగంలోనూ నాకు అన్నం పెట్టింది.

బడి వదలగానే పుస్తకాలు వసారాలో విసిరేసి బయల్దేరేవాళ్లం. బడీ చౌడి, సుల్తాన్ బజార్, బ్యాంక్ స్ట్రీట్, ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ. అంతా నడకే. బంతిని కాలితో తోసుకుంటూ పోతే సుల్తాన్ బజార్‌లో గాజుల దుకాణాలవాళ్లు తిట్టేవారు కాబట్టి అక్కడ చంకలో పెట్టుకునేవాళ్లం. నాలుగున్నరకు మైదానం చేరాలి. ఆ వేళకు ఆఫీసులు వదిలిన గుమస్తాలు, షిఫ్టు దిగిన రైల్వే కూలీలు, టోపీ చేతబట్టుకున్న మౌల్వీలు, నిజాం కాలేజీ కుర్రాళ్లు ఒక్కొక్కరే చేరేవారు. పెద్ద మ్యాచ్ ఉంటే టికెట్టు. చారాణా దొరికితే గ్యాలరీ, దొరక్కపోతే నౌబత్ పహాడ్. బిర్లా మందిర్ వచ్చింది 1976లో, అప్పటికి అది వట్టి నల్లరాళ్ల గుట్ట. పైకెక్కితే మైదానం విస్తరాకులా పరిచినట్టు కనిపించేది. ఒక్కటే ఇబ్బంది, బంతి కనిపించేది కాదు. జనం అరుపు ఎటు పోతే బంతి అటు పోయినట్టు. నేను చూశానని చెప్పుకునే కొన్ని గోల్స్ నిజానికి విన్నవే.

ఆ జనం దేనికోసం వచ్చేవారో తెలియాలంటే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పాలి. బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు ఎత్తుకొచ్చిన జట్టు అది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది, ఫైనల్లో ఓడింది మోహన్ బగాన్. మళ్లీ 1954లో, 1957లో, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని పేరు మారాక 1961లో అదే కప్పు. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లో, ఆ మరుసటి ఏడాది గెలిచింది. ఈ లెక్కలు నేను పుస్తకం తీసి చెప్పడం లేదు. మా వీధిలో ఎక్కాలు రాని పిల్లలు కూడా ఇవి అప్పజెప్పేవారు.

ఆ ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. పొద్దున డ్యూటీ, సాయంత్రం ఆట. మా నాయిన ఒకసారి కూడలిలో చెయ్యి చాచి సైకిళ్లను ఆపుతున్న జవానును చూపించి, "గాయిన లెఫ్ట్ హాఫ్ ఆడ్తడు, సలాం కొట్టు" అన్నాడు. కొట్టాను. ఆయన నవ్వకుండా తల ఊపి, మా సైకిలుకు ముందు దారిచ్చాడు. ఆటగాడు ఆకాశంలో ఉండేవాడు కాదు. కూడలిలో ఉండేవాడు, రేషన్ షాపు వరసలో ఉండేవాడు. మనం కూడా అంతటివాళ్లం కావచ్చని పదకొండేళ్లవాడికి అనిపించడానికి అంతకంటే ఏం కావాలి?

వాళ్ల గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఊరు ఊరంతా రహీమ్ సాబ్ అనేది. 1909లో ఈ ఊళ్లోనే పుట్టారు. బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో కూడా పాఠం చెప్పారు కాబట్టి ఆయన మా పేటవాడేనని మేం దబాయించేవాళ్లం. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950 నుంచి సిటీ పోలీస్‌కూ భారత జట్టుకూ శిక్షకులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 దెబ్బ. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టికాళ్లతో ఆడారు. ఆ తరవాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ల తరవాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు చేరారు. ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టిన నెవిల్ డిసౌజా బొంబాయి ఆటగాడు. కానీ జట్టు నిండా మా ఊరివాళ్లు: తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్. బ్రెజిల్ 1958 ప్రపంచకప్‌లో లోకానికి చూపించిన 4-2-4 కూర్పును రహీమ్ సాబ్ అంతకుముందే మనవాళ్లతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లు రాస్తుంటారు.

మాకు మాత్రం ఆ అంకెల కంటే ఆయన పెట్టిన వింత పోటీలు ముఖ్యం. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో ఒక టోర్నమెంటు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకొకటి. బంతి కాలి దగ్గర ఆగకూడదు, వచ్చినట్టే పోవాలి. రెండు కాళ్లూ ఒకటే కావాలి. ఆ కబురు మా వీధికి చేరింది. ఇంకేం, నెల రోజులు ఎడమకాలి ఆటే. కుడికాలికి రుమాలు కట్టుకోవాలి, ఆ కాలితో తన్నితే ఎదుటి జట్టుకు పెనాల్టీ. ఎడమకాలు అలవాటు కావాలని ఇంట్లో కూడా గడప ఎడమకాలితో దాటేవాణ్ని. అమ్మ హడలిపోయింది.

"కాలికేమైంది బిడ్డా? గట్ల నడుస్తున్నవేంది? ఇంట్లకు ఎడమకాలు పెట్టి వస్తరా?"

"రహీమ్ సాబ్ చెప్పిండమ్మా."

"ఎవరు గాయిన, వైద్యుడా?"

నాయిన వసారాలోంచి అన్నాడు, "రానియ్యే. ఆ సార్ చెప్పిండంటే ఏదో మతలబు ఉంటది." నాయినకు ఆటలో ఓనమాలు తెలియవు. కానీ ఆయన పని కూడా రెండు చేతులదే. ఒక చేత్తో స్టిక్ పట్టుకొని, రెండో చేత్తో కేసులోంచి సీసపు అక్షరాలు చూడకుండా ఏరేవాడు. ఒత్తులన్నీ ఎక్కడెక్కడున్నాయో వేళ్లకే తెలియాలి. బంతి ఎక్కడుందో కాళ్లకే తెలియాలన్న మాట ఆయనకు నాకంటే ముందు అర్థమైంది.

బూట్లు అందరికీ ఉండేవి కావు. నాకున్నవి మోచీ కుట్టినవి, పాత బూట్ల అడుగున తోలు పట్టీలు మేకులతో కొట్టినవి. వారం తిరిగేసరికి మేకులు లోపలికి పొడుచుకొచ్చేవి. అట్టముక్క పెట్టుకొని ఆడేవాణ్ని. మా రైట్ ఔట్ రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు, వాడికి వట్టికాళ్లే సుఖం. కంకర మీద పరుగెత్తి పాదాలు డెక్కల్లా అయ్యాయి వాడికి. బూటు కాలితో వాణ్ని తన్నినవాడే కుంటుకుంటూ పోయేవాడు. లెఫ్ట్ ఇన్, సెంటర్ ఫార్వర్డ్, ఫుల్ బ్యాక్ అని ఆడే చోటును బట్టి పిలుచుకునేవాళ్లం. యాభై ఏళ్ల తరవాత ఒక పెళ్లిలో ఎవరో వెనకనుంచి "రైట్ హాఫ్!" అని కేకవేస్తే నేను వెంటనే తిరిగాను. అది నేనే.

మ్యాచ్ అయ్యాక అసలు మ్యాచ్ ఇరానీ హోటల్లో. పాలరాతి బల్ల చుట్టూ పెద్దవాళ్లు, వాళ్ల కుర్చీల వెనక మేము. పౌనా చాయ్ ఒకటి తెప్పిస్తే కప్పు ఒకరికి, సాసర్ ఒకరికి. ఉస్మానియా బిస్కెట్లు ఫుల్ బ్యాకులు, అగ్గిపెట్టె గోల్‌కీపరు, చక్కెర బిళ్ల బంతి. "ఇక్కడ్నుంచి ఇక్కడికి ఇచ్చి ఉంటే" అంటూ ఒక పెద్దమనిషి చక్కెర బిళ్లను జరిపేవాడు. ఇంకొకాయన, "నీ లెఫ్టిన్ అక్కడ లేడు మియా, చూడు" అని ఒక బిస్కెట్ తీసి నోట్లో వేసుకునేవాడు. ఆటగాళ్లు అలా ఒక్కొక్కరే మాయమవుతుంటే వాదన ముదిరేది. హోటలువాడు లేవమనేవాడు కాదు. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిన విద్యలో సగం ఆ బల్ల మీద నేర్చుకున్నదే. ఆ హోటల్ ఇప్పుడు సెల్‌ఫోన్ దుకాణం. వాళ్ల మీద నాకు కోపమేం లేదు. పౌనా చాయ్ ఒకటి తెచ్చుకొని రెండు గంటలు కూర్చునేవాళ్లతో ఏ వ్యాపారమూ నడవదని నాకూ తెలుసు.

1962 సెప్టెంబర్ 4. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఆ రాత్రి నాయిన డ్యూటీ. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదని మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియమంతా దక్షిణ కొరియా వైపే. మన బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతన్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. జ్వరం నుంచి అప్పుడే తేరుకున్న మన తంగరాజ్‌కు గోలు అప్పగించారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. ఆ వార్తకు అక్షరాలు కూర్చినవాళ్లలో నాయిన ఒకడు. తెల్లవారుజామున ఇంటికొచ్చి నన్ను లేపి, జేబులోంచి తడి ఆరని ప్రూఫు ముక్క తీసి చూపించాడు. మసి వేళ్ల ముద్ర దాని మీద. "చదువు" అన్నాడు. దీపం వెలుగులో చదివాను. ఊరికంటే ముందు ఆ వార్త తెలిసింది మా వీధిలో నాకే అన్న గర్వం నాకింకా తగ్గలేదు.

అప్పటికే రహీమ్ సాబ్‌కు ఒంట్లో బాగుండేది కాదని తరవాత తెలిసింది. క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. యాభై మూడేళ్లు. మా వీధిలో ఆ సాయంత్రం ఆట లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ బంతి తీయలేదు.

ఆయన పోవడంతోనే అంతా పోయిందని అంటుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. మహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, సికింద్రాబాద్ విక్టర్ అమల్‌రాజ్... నేల ఇంకా పండుతూనే ఉంది. పంట మాత్రం కలకత్తా రైలెక్కేది. 1957లోనే బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఆ దారిన ఎందరో. అక్కడ డబ్బుంది, క్లబ్బుంది, ఆటగాణ్ని దేవుడిలా చూసే జనముంది. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. ఆ రెండింట్లో ఒక గోలు హబీబ్‌ది. హైదరాబాద్‌లో పుట్టిన కాలు పీలే ఎదుట గోలు కొట్టింది, చూసింది కలకత్తా. మేం పేపర్లో చదువుకున్నాం.

క్రికెట్ తినేసిందనడం కూడా నాకు నచ్చదు. క్రికెట్ మొదటినుంచీ ఫతే మైదాన్‌లో ఉంది. 1955 నవంబర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 కొట్టింది ఇక్కడే, భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అది. రెండు ఆటలూ ఒకే మైదానం పంచుకున్నాయి. మరి ఏం జరిగింది? నేను చూసినంత మటుకు చెబుతాను. ముందు పోయింది పెద్ద మైదానం కాదు, దాని చుట్టూ ఉన్న చిన్న ఖాళీలు. నా నుదురు చీలిన జాగాకు ప్రహరీ వచ్చింది. కాచిగూడలో మేం ఆడుకున్న రెండు ఖాళీ స్థలాల్లో ఒకటి గోదాము అయింది, రెండోది నాలుగంతస్తుల ఇల్లు అయింది. వీధి జట్లు పోతే పేట జట్లు పోతాయి. పేట జట్లు పోతే లీగుకు మనుషులు రారు. లీగు లేకపోతే నిజాం గోల్డ్ కప్ లాంటివి చూడడానికి నాలుగున్నరకు ఎవడొస్తాడు? అప్పుడు క్రికెట్ మిగులుతుంది, ఎందుకంటే అది టీవీలో ఉంది, దానికి ఖాళీ జాగా అక్కర్లేదు.

ఇక స్టేడియం తన బతుకు తాను బతికింది. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు ఇక్కడ ప్రమాణ స్వీకారం చేశారు. నేనూ వెళ్లాను. ఇసక వేస్తే రాలని జనం. అందరూ వేదిక వైపు చూస్తుంటే నేను కార్నర్ జెండా పాతే చోటు ఎక్కడా అని వెతుక్కున్నాను. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి కూడా ఇక్కడే ప్రమాణం చేశారు. 1999లో న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్‌తో కలిసి 331 పరుగులు. మా అబ్బాయి ఇప్పటికీ ఆ టికెట్టు ముక్క దాచుకున్నాడు. 2003లో ఆఖరి అంతర్జాతీయ వన్డే ఆడి క్రికెట్ కూడా ఉప్పల్‌కు మూట కట్టుకుంది. ఫుట్‌బాల్ గచ్చిబౌలికి పోయింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిస్తే ముసలివాళ్లం ఫోన్లు చేసుకొని మురిశాం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. గోషామహల్‌లో పోలీసుల మైదానం ఉండేది, 2025 జనవరిలో అక్కడ కొత్త ఉస్మానియా ఆసుపత్రికి పునాదిరాయి వేశారు. ఆసుపత్రిని కాదనేంత మూర్ఖుణ్ని కాను. కాకపోతే ఈ ఊళ్లో దేనికి జాగా కావాలన్నా ముందు మైదానం వైపే చూస్తారు.

చూడాలనిపిస్తే వెళ్లిరండి. కష్టమేం లేదు. మెట్రో ఎర్ర లైనులో అసెంబ్లీ దగ్గరో నాంపల్లిలోనో దిగితే నడక దూరమే. సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్ నుంచి వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో రైలు మారాలి. రైల్లో వచ్చేవాళ్లకు నాంపల్లి స్టేషన్ దగ్గర. బషీర్‌బాగ్, నిజాం కాలేజీ, పోలీస్ కంట్రోల్ రూమ్, వీటిలో ఏది అడిగినా స్టేడియం ముందుకు చేరుస్తారు. వెళ్లే ముందు పేపరు చూసుకోండి, ప్రభుత్వ సభో పార్టీ సభో ఉన్న రోజు అటు వెళ్లి లాభం లేదు. మామూలు రోజు అయితే గేటు దగ్గర మర్యాదగా అడగండి. నేను పోయిన చలికాలం వెళ్లినప్పుడు కాపలా కుర్రాడు, "తాతా, ఎవరికోసం?" అన్నాడు. ఊరికే చూడ్డానికి అన్నాను. "ఏముంది చూడ్డానికి?" అంటూనే కుర్చీ వేశాడు.

పొద్దున కంటే సాయంత్రం వెళ్లండి. కోచింగుకు వచ్చే పిల్లలుంటారు, ఇండోర్ స్టేడియం వైపు షటిల్ ఆడేవాళ్లు, ఈత కొలను వైపు తడి తలల పిల్లలు. గ్యాలరీలో పై వరసకు ఎక్కి ఉత్తరం వైపు చూస్తే బిర్లా మందిర్ తెల్లగా కనిపిస్తుంది. నేను గోల్స్ విన్న గుట్ట అదే. బయటికొచ్చి గ్యాలరీ కింద ఆటవస్తువుల దుకాణాలు చూడండి. ఒక దుకాణంలో లేసు ఉన్న బంతి ఉందా అని అడిగాను. ఆ అబ్బాయి బూట్ల లేసులు తెచ్చి చూపించాడు. తరవాత ఓపికుంటే అమ్ముగూడ దాకా వెళ్లండి, బలరామ్ బాల్యం గడిచిన చోటు. ఆయన 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. అదే ఏడు ఆగస్టు 15న హబీబ్. రహీమ్ సాబ్ మీద 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. మా మనవడు చూసొచ్చి, "తాతా, నువ్వు చెప్పేవన్నీ నిజమేనా?" అని అడిగాడు. అజయ్ దేవగణ్ చెబితే గాని నమ్మలేదు వెధవ.

నా దగ్గర ఒక ఫోటో ఉంది. 1962లో ఆబిడ్స్‌లో ఒక స్టూడియోలో తీయించుకున్నది. పదకొండుమందిమి, ముందు వరసలో గోల్‌కీపరు ఒళ్లో బంతి, లేసు ముడి కెమెరా వైపే ఉంది. అందులో ఏడుగురి పేర్లు నాకు తెలుసు. మిగతా నలుగురూ రైట్ ఔట్, సెంటర్ హాఫ్, లెఫ్ట్ బ్యాక్, గోలీ. ఇంటిపేర్లు అప్పుడు అవసరం పడలేదు, అసలు పేర్లు ఇప్పుడు గుర్తు రావడం లేదు. దర్జీ కొడుకును అడుగుదామంటే వాడు పోయి ఆరేళ్లయింది. మీ ఇంట్లో బీరువా అడుగునో ట్రంకు పెట్టెలోనో ఇలాంటి జట్టు ఫోటో ఏదైనా ఉంటే, అందులో ఉన్న పెద్దమనిషి ఇంకా మీ మధ్య ఉంటే, ఈ ఆదివారం ఆయన పక్కన కూర్చొని ఒక్కొక్కరి పేరూ అడిగి ఫోటో వెనక రాయండి. పెన్సిల్‌తో రాయండి, సిరా ముందుకు ఊరుతుంది.